ఉదిత్ నారాయణ్ హీరోగా చేశాడని తెలుసా? నేపాల్‌ని ఊపేసిన ‘కుసుమే రుమాల్’.. ఆ ముగ్గురూ తర్వాత ఏమయ్యారంటే!

‘చూడాలని వుంది’లో చిరంజీవికి ‘రామ్మా చిలకమ్మా’ పాడిన గొంతు. ‘ఖుషి’లో పవన్ కల్యాణ్‌కి ‘అమ్మాయే సన్నగా’ పాడిన గొంతు. పేరు చెప్పక్కర్లేదు, ఉదిత్ నారాయణ్. తెలుగు మాటల్ని తనదైన ఉత్తరాది యాసలో పలుకుతూనే మన చేత విజిల్స్ వేయించిన సింగర్. ఇదంతా అందరికీ తెలిసిందే. తెలియనిది ఏంటంటే, ఈయన ఒకప్పుడు తెర మీద నటుడు. అది కూడా ఏదో ఒక్క సీన్‌లో మెరిసి వెళ్లిపోవడం కాదు. నేపాల్ సినిమా చరిత్రలో పెద్ద హిట్లలో ఒకటైన ప్రేమకథలో ముగ్గురు ముఖ్య నటుల్లో ఒకరు.

ఆ సినిమా పేరు ‘కుసుమే రుమాల్’. 1985లో వచ్చింది. టైటిల్‌కి అనువాదం కూడా అవసరం లేదు. కుసుమం మనకు తెలుసు, రుమాలూ తెలుసు. పూల రుమాలు. నేపాలీ జానపద పాటల్లో రుమాలు అంటే ప్రేమకు గుర్తు. దాన్నే టైటిల్‌గా పెట్టి ఒక ముక్కోణపు ప్రేమకథ తీశారు. భువన్ కె.సి., తృప్తి నాడకర్, ఉదిత్ నారాయణ్.. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి. డైరెక్టర్ తులసీ ఘిమిరే. సంగీతం రంజిత్ గజ్‌మేర్.

నేపాలీ సినిమాల్లో అత్యధిక వసూళ్ల రికార్డు 2001 దాకా దీని పేరు మీదే ఉంది. అంటే దాదాపు పదహారేళ్లు. ఆ రికార్డును చివరికి కొట్టింది ఎవరో కాదు, మళ్లీ తులసీ ఘిమిరేనే. ‘దర్పణ్ ఛాయా’ అనే ఇంకో ప్రేమకథతో తన రికార్డు తనే బద్దలు కొట్టుకున్నాడు.

ఇంతకీ ఒకే సినిమాలో, ఒకే ఫ్రేమ్‌లో నిలబడ్డ ఆ ముగ్గురి కెరీర్లు తర్వాత మూడు దిక్కులకు ఎందుకు పోయాయి? ఒకరు నేపాల్‌లో స్టార్ అయ్యి అక్కడే ఉండిపోయారు. ఒకరు కొన్నేళ్లే మెరిశారు. ఇంకొకరు నటన వదిలేసి భారతదేశమంతా తెలిసిన గొంతు అయ్యారు. దీనికి జవాబు వాళ్ల టాలెంట్‌లో ఎంత ఉందో, ఆ ఇండస్ట్రీ సైజులోనూ అంతే ఉంది.

ఎంత చిన్న మార్కెట్ అంటే..

1981 జనాభా లెక్కల ప్రకారం నేపాల్ జనాభా కోటీ 50 లక్షలు. అందులో నేపాలీ మాతృభాషగా ఉన్నవాళ్లు 58 శాతం పైచిలుకు. మిగతావాళ్లు మైథిలి, భోజ్‌పురి, తమాంగ్, థారు, నేవారీ లాంటి భాషల వాళ్లు. పోలిక కోసం చెప్పాలంటే, అదే ఏడాది లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 5 కోట్ల 35 లక్షలు. తెలుగు సినిమా అప్పటికే ఏడాదికి పదుల కొద్దీ సినిమాలు తీస్తోంది. నేపాల్‌లో ఒక ఏడాదిలో వచ్చే సినిమాల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దానికి తోడు కొండ ఊళ్లకు రోడ్లు లేవు, కరెంటు లేదు, థియేటర్ అంటే ఎక్కువగా ఖాట్మండు లోయలోనో, కింద తరాయి పట్టణాల్లోనో. ఆ ఉన్న థియేటర్లలో కూడా పోటీ ఎవరితో? అమితాబ్ బచ్చన్‌తో. హిందీ సినిమాలు అక్కడ మామూలుగానే ఆడేవి, ఇప్పటికీ ఆడుతున్నాయి.

నేపాలీ సినిమా వయసు కూడా చిన్నదే. నేపాలీ భాషలో మొదటి సినిమా ‘సత్య హరిశ్చంద్ర’ 1951లో వచ్చింది, అదీ కలకత్తాలో తయారైంది. నేపాల్ గడ్డ మీద తీసిన మొదటి సినిమా ‘ఆమా’ 1964లో. అది ప్రభుత్వం తీసింది. ప్రైవేటు వాళ్లు తీసిన తొలి సినిమా ‘మైతీఘర్’ 1966లో. అందులో హీరోయిన్ ఎవరనుకున్నారు? హిందీ స్టార్ మాలా సిన్హా! ఆమెది నేపాలీ కుటుంబం. ఆ సినిమాలో హీరో సి.పి. లోహనీనే తర్వాత పెళ్లి చేసుకున్నారు. కలర్ సినిమా రావడానికి 1977 దాకా ఆగాల్సి వచ్చింది, అది ‘కుమారి’. అంటే ‘కుసుమే రుమాల్’ వచ్చేటప్పటికి నేపాలీ తెరకు రంగులు వచ్చి ఎనిమిదేళ్లే.

ఇంకో సంగతి. నేపాల్ టెలివిజన్ మొదలైంది కూడా సరిగ్గా 1985లోనే. ఇంట్లో కూర్చుని నేపాలీ మొహాలు చూసే అవకాశం అప్పుడప్పుడే వస్తోంది. అలాంటి టైంలో తమ భాషలో, తమ కొండల్లో, కాలేజీ వయసు పిల్లల ప్రేమకథ పెద్ద తెర మీద కనిపిస్తే జనం ఎగబడటంలో వింతేముంది!

(చిన్న పక్క మాట: నేపాల్ సినిమాని కూడా ‘కోలీవుడ్’ అనే అంటారు. తమిళ సినిమాకి కోడంబాక్కం వల్ల ఆ పేరు వస్తే, వీళ్లకి ఖాట్మండు వల్ల వచ్చింది. గూగుల్‌లో వెతికితే రజనీకాంత్ వస్తాడు కాబట్టి జాగ్రత్త.)

తీసింది నేపాల్ సినిమా.. తీసినవాళ్లు మన కొండలవాళ్లు

ఈ సినిమా గురించి చెప్పుకునేటప్పుడు చాలామంది దాటేసే విషయం ఒకటుంది. నేపాల్ మొత్తం తనదిగా చెప్పుకునే ఈ ప్రేమకథ వెనక ఉన్నవాళ్లు చాలావరకు ఇండియా వైపు కొండల మనుషులు. డైరెక్టర్ తులసీ ఘిమిరేది కాలింపాంగ్. పశ్చిమ బెంగాల్‌లో ఉంది. ముంబైలో ఎడిటింగ్ పని నేర్చుకుని, తర్వాత మెగాఫోన్ పట్టాడు. హీరోయిన్ తృప్తి నాడకర్‌ది డార్జిలింగ్ కొండల నేపథ్యం. సంగీత దర్శకుడు రంజిత్ గజ్‌మేర్‌ది కూడా డార్జిలింగే.

రంజిత్ గజ్‌మేర్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ముంబైలో ఈయన్ని అందరూ ‘కాంఛా’ అని పిలిచేవారు. నేపాలీలో కాంఛా అంటే చిన్నోడు, ఇంట్లో ఆఖరివాడు. ఈయన చేతిలో వాయిద్యం మాదల్. చూడ్డానికి మన మృదంగానికి చెల్లెలిలా ఉంటుంది, నడుముకి కట్టుకుని రెండు వైపులా వాయిస్తారు. ఆర్.డి. బర్మన్ టీమ్‌లో మాదల్ అంటే కాంఛానే. 1971లో దేవానంద్ ఖాట్మండులో తీసిన ‘హరే రామ హరే కృష్ణ’లో ‘కాంఛీ రే కాంఛీ రే’ పాట గుర్తుందా? అందులో ఆ కొండ దరువు మాదల్‌దే. ఆ తర్వాత ఎన్నో బర్మన్ పాటల్లో ఆ చప్పుడు వినిపిస్తుంది. అంటే బొంబాయి రికార్డింగ్ థియేటర్లలో రాటుదేలిన చెయ్యి, సొంత భాష సినిమాకి వచ్చి ట్యూన్లు కట్టింది. ‘కుసుమే రుమాల్’ పాటలు నలభై ఏళ్లు దాటినా నేపాలీ పెళ్లిళ్లలో, కచేరీల్లో వినిపించడానికి ఇదే అసలు కారణం అనుకోవచ్చు. కథ పాతబడింది. పాటలు పాతబడలేదు.

ఇటువైపు వాళ్లు అటు వెళ్లి సినిమా తియ్యడానికి అడ్డం ఏమీ లేదు. 1950 ఒప్పందం తర్వాత భారత్–నేపాల్ సరిహద్దు తెరిచే ఉంటుంది, వీసా అక్కర్లేదు. పైగా సినిమా తీశాక రీళ్లు కడగడానికి, మిక్సింగ్‌కి ఎలాగూ ముంబైకో కలకత్తాకో రావాల్సిందే. మార్కెట్ కూడా నేపాల్ ఒక్కటే కాదు. డార్జిలింగ్, సిక్కిం, అస్సాం, డెహ్రాడూన్.. నేపాలీ మాట్లాడే జనం ఎక్కడుంటే అక్కడ ఈ సినిమాలకు ప్రేక్షకులు. 2011 లెక్కల ప్రకారం ఇండియాలో నేపాలీ మాతృభాషగా ఉన్నవాళ్లే 29 లక్షల మంది. 1992లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఆ భాషకు చోటు దొరికింది. ‘కుసుమే రుమాల్’ వచ్చిన మరుసటి ఏడాదే, 1986లో, డార్జిలింగ్ కొండల్లో గూర్ఖాలాండ్ ఉద్యమం భగ్గుమంది. ‘మేం నేపాల్ వాళ్లం కాదు, ఇండియా వాళ్లం’ అని అక్కడి జనం గట్టిగా చెప్పుకుంటున్న రోజుల్లోనే, వాళ్ల పిల్లలు నేపాల్‌కి పెద్ద హిట్లు ఇస్తున్నారు.

భువన్ కె.సి.: హీరో అంటే ఇతనే!

ముందు హీరో దగ్గరికి వద్దాం. పేరు చివర ‘కె.సి.’ చూసి ఇంటిపేరు ఇనీషియల్స్ అనుకోవద్దు. ఖత్రీ ఛెత్రీ అనే మాటకు అది పొట్టిరూపం, నేపాల్‌లో చాలా మామూలు ఇంటిపేరు.

భువన్ ‘జునీ’ సినిమాతో వచ్చాడు. 1983లో ‘సంఝనా’తో పేరొచ్చింది. అందులోనూ హీరోయిన్ తృప్తి నాడకరే. ‘కుసుమే రుమాల్’తో ఈ ఇద్దరూ హిట్ పెయిర్ అయిపోయారు. 1987లో ‘సాయినో’ వచ్చింది, మళ్లీ ఇదే జంట. ఈ ‘సాయినో’లో మన ప్రేక్షకులకు బాగా తెలిసిన మొహం ఒకటి ఉంది. ‘రోబో’లో డాక్టర్ బోరాగా రజనీతో తలపడ్డాడే, డానీ డెంజోంగ్పా. ఆయనది సిక్కిం. హిందీలో విలన్‌గా బిజీగా ఉన్నప్పుడే సొంత భాషల వైపు కూడా ఓ కన్నేసి ఉంచాడు. నేపాలీలో పాటలు పాడాడు కూడా. ‘సాయినో’ కథనే తర్వాత దూరదర్శన్ కోసం ‘అజ్నబీ’ అనే సీరియల్‌గా తీశాడు.

1990ల మొదట్లో భువన్ ‘చినో’ చేశాడు. ఇదీ తులసీ ఘిమిరే సినిమానే. దాంతో లవర్ బాయ్ కాస్తా యాక్షన్ వైపు మళ్లాడు. సరిగ్గా అప్పుడే ‘యుగ్ దేఖీ యుగ్ సమ్మ’తో రాజేశ్ హమాల్ అనే ఆరడుగుల కుర్రాడు దిగాడు. తర్వాతి ఇరవై ఏళ్లు నేపాల్‌లో ‘మహానాయక్’ అంటే రాజేశ్ హమాలే. భువన్ మాయమైపోలేదు, కానీ ఒకే ఒక్కడు అన్న రోజులు అయిపోయాయి. నటిస్తూనే డైరెక్షన్, ప్రొడక్షన్ వైపు వెళ్లాడు. చిన్న ఇండస్ట్రీలో హీరో నిలబడాలంటే ఇదే దారి. సినిమా తనే తియ్యాలి, తనే అమ్ముకోవాలి. తెలుగులో ఒక హీరోకి రెండు ఫ్లాపులు వచ్చినా అడ్వాన్సులు ఇచ్చేవాళ్లు పది మంది ఉంటారు. ఖాట్మండులో ఆ వరస లేదు.

తృప్తి నాడకర్: ఆరేడేళ్ల వెలుగు

ఇప్పుడు హీరోయిన్ సంగతి. నేపాల్‌లో ఒక తరం కుర్రాళ్లకి తృప్తి నాడకర్ అంటే మనకు 80ల్లో శ్రీదేవి, విజయశాంతి పేర్లు ఎలాగో అలా. ‘సంఝనా’, ‘కుసుమే రుమాల్’, ‘సాయినో’, ‘లాహురే’.. వరసగా కొట్టిన సినిమాలు. ‘లాహురే’ అంటే గూర్ఖా సైనికుడు, పరాయి దేశం సైన్యంలో పనిచేసి సెలవుకి ఊరొచ్చేవాడు. ఒకప్పుడు లాహోర్ వెళ్లి సిక్కుల సైన్యంలో చేరిన కొండ కుర్రాళ్ల నుంచి ఆ మాట పుట్టింది. ఆ సినిమా 1989లో వచ్చింది.

లిస్టు చూస్తే తెలుస్తుంది. ఆమె పేరు చెప్పగానే గుర్తొచ్చే సినిమాలన్నీ 1983 నుంచి 1989 లోపువే. పదేళ్లు కూడా లేవు. అదే సినిమాల హీరోలు తర్వాతి దశాబ్దాల్లోనూ పోస్టర్ల మీద ఉన్నారు. మన దగ్గరా ఇదే కథ కదా అనొచ్చు. నిజమే, కానీ తేడా ఉంది. తెలుగులో అవకాశం తగ్గిన హీరోయిన్‌కి తమిళం ఉంటుంది, కన్నడ ఉంటుంది, తర్వాత అక్క పాత్రలు, అమ్మ పాత్రలు, టీవీ షోలు ఉంటాయి. ఏడాదికి కొద్ది సినిమాలు తీసే చోట, అందులోనూ సరిహద్దు ఇవతల ఇల్లున్న అమ్మాయికి, రెండో ఇన్నింగ్స్‌కి చోటెక్కడిది?

తులసీ ఘిమిరే మాత్రం హీరోయిన్ల కోసం ఆ కొండల వైపే చూశాడు. 1994లో ‘దక్షిణ’తో నిరుతా సింగ్‌ని తెచ్చాడు. ఆమెది కూడా డార్జిలింగే. ఆ నిరుతానే 2001లో ‘దర్పణ్ ఛాయా’లో హీరోయిన్ అయ్యి, తృప్తి సినిమా పేరిట ఉన్న రికార్డును దాటేసింది. 2001 అంటే నేపాల్‌కి మామూలు సంవత్సరం కాదు. ఒకవైపు మావోయిస్టు యుద్ధం నడుస్తోంది. జూన్ 1న రాజభవనంలో కాల్పులు జరిగి రాజు బీరేంద్ర కుటుంబం అంతా చనిపోయింది. దేశం అలా ఉన్న ఏడాదిలో జనం ఒక ప్రేమకథను రికార్డు హిట్ చేశారు.

నేపాల్ దాటి పైకొచ్చిన హీరోయిన్ అంటే మనకు వెంటనే మనీషా కోయిరాలా గుర్తొస్తుంది. ‘క్రిమినల్’లో నాగార్జున పక్కన చేసిన మనీషా. ‘భారతీయుడు’, ‘ఒకే ఒక్కడు’తో మన ఇళ్లల్లో మనిషి అయిపోయింది. ఆమె మొదటి సినిమా కూడా నేపాలీదే, 1989లో ‘ఫేరీ భేటౌలా’. తర్వాత రెండేళ్లకే సుభాష్ ఘయ్ ‘సౌదాగర్’. కానీ ఆమె తాత బి.పి. కోయిరాలా నేపాల్ మాజీ ప్రధాని. డార్జిలింగ్ కొండల నుంచి వచ్చిన అమ్మాయికీ, ఆ ఇంటి అమ్మాయికీ తెరుచుకునే తలుపులు ఒకటి కావు. మనీషా టాలెంట్‌ని తక్కువ చేయడం కాదు ఇది. దారి ఎక్కడ మొదలైందో చెప్పడం.

ఉదిత్ నారాయణ్: నటుడు ఆగిపోయాడు, గొంతు ఆగలేదు

ఇక అసలు హీరో. 1955 డిసెంబర్ 1న పుట్టాడు. ఎక్కడ అనేదే పెద్ద గొడవ! నేపాల్‌లోని సప్తరీ జిల్లా అని అటువైపు వాళ్లు, బిహార్‌లోని సుపౌల్ జిల్లా అని ఇటువైపు వాళ్లు. రెండూ పక్కపక్కనే ఉన్న ప్రాంతాలు. మధ్యలో కోసీ నది. రెండు వైపులా మాట్లాడేది మైథిలీనే. ఒకళ్లకి అమ్మమ్మ ఊరు అటు, నాన్న ఊరు ఇటు అవ్వడం అక్కడ చాలా మామూలు. 2009లో పద్మశ్రీ వచ్చినప్పుడు ‘ఈయన ఏ దేశం వాడు’ అన్న చర్చ పెద్దగానే నడిచింది. 2016లో పద్మభూషణ్ కూడా వచ్చింది.

మొదట రేడియో నేపాల్‌లో మైథిలి జానపద పాటలు పాడేవాడు. 1978లో స్కాలర్‌షిప్ మీద ముంబై వచ్చి భారతీయ విద్యాభవన్‌లో సంగీతం నేర్చుకున్నాడు. 1980లో నేపాలీ సినిమా ‘సిందూర్’లో పాడాడు. అదే ఏడాది హిందీలో ‘ఉన్నీస్ బీస్’ సినిమాకి రాజేశ్ రోషన్ అవకాశం ఇచ్చాడు. మొదటి హిందీ పాటే మహ్మద్ రఫీతో కలిసి! ఆ ఏడాది జులై 31న రఫీ చనిపోయారు. ఇంతకంటే గొప్ప ఎంట్రీ ఏ సింగర్‌కి ఉంటుంది?

కానీ కెరీర్ మాత్రం కదల్లేదు. 1980 నుంచి 1988 దాకా ఎనిమిదేళ్లు. ముంబైలో అప్పుడు కిశోర్ కుమార్ టైం నడుస్తోంది, కొత్త గొంతుకి పెద్ద పాట ఎవరిస్తారు? సరిగ్గా ఆ ఖాళీలో వచ్చిందే ‘కుసుమే రుమాల్’. పాటలు పాడే కుర్రాడు చూడ్డానికి కూడా బాగున్నాడు, నేపాలీ వచ్చు, సొంతూరి పేరూ ఉంది. అలా మేకప్ వేసుకున్నాడు. సినిమా సూపర్ హిట్. తర్వాత 1986లో ‘పిరతీ’ అనే ఇంకో నేపాలీ సినిమాలోనూ నటించాడు.

ఇక్కడే ఆలోచించాల్సిన విషయం ఉంది. దేశంలో అతిపెద్ద హిట్‌లో లీడ్ రోల్ చేసిన మనిషి, వెంటనే ఇంకో సినిమా కూడా చేసిన మనిషి, ఖాట్మండులో సెటిలైపోవాలి కదా? మన దగ్గరైతే పదేళ్లు తిరుగుండదు. ఉదిత్ మాత్రం ముంబై వదల్లేదు. నేపాల్‌లో రికార్డు హిట్ ఇచ్చే డబ్బూ, పేరూ రెండూ కలిపినా, ముంబైలో ఒక్క పెద్ద పాట ముందు సరితూగవని ఆ కాలంలో అందరికీ తెలిసిన లెక్కే. అప్పటికి ఆ ఒక్క పాట చేతిలో లేదు. అయినా అక్కడే ఉన్నాడు. ఈ మొత్తం కథలో రిస్క్ అంటే ఇదే.

1988లో ఆ పాట వచ్చింది. మన్సూర్ ఖాన్ డైరెక్షన్, ఆమిర్ ఖాన్ హీరోగా ‘ఖయామత్ సే ఖయామత్ తక్’. ఆనంద్–మిలింద్ మ్యూజిక్. ‘పాపా కెహతే హై’ పాటకి ఉదిత్‌కి ఫిల్మ్‌ఫేర్ అవార్డు. అది కూడా యువ ప్రేమకథే. కానీ ఈసారి తెర మీద మొహం వేరేవాళ్లది, గొంతు మాత్రమే తనది. ఆ తర్వాత 90లన్నీ ఆయనవే. ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’, ‘రాజా హిందుస్తానీ’, ‘హమ్ దిల్ దే చుకే సనమ్’, ‘లగాన్’ పాటలకు కూడా ఫిల్మ్‌ఫేర్లు, మొత్తం ఐదు. జాతీయ అవార్డులు వేరే.

తెలుగులోకి కూడా ఆ ఊపులోనే వచ్చాడు. 1998లో గుణశేఖర్ తీసిన ‘చూడాలని వుంది’లో స్వర్ణలతతో ‘రామ్మా చిలకమ్మా’. 2001లో ఎస్.జె. సూర్య తీసిన ‘ఖుషి’లో కవితా కృష్ణమూర్తితో ‘అమ్మాయే సన్నగా’. రెండింటికీ మణిశర్మే సంగీతం. ఉచ్చారణ మీద అప్పట్లో విమర్శలు తక్కువేం రాలేదు. భాష రానివాళ్ల చేత పాడించడం అవసరమా అని తెలుగు భాషాభిమానులు అడగడం న్యాయమే. కానీ 2022 డిసెంబర్ 31న ‘ఖుషి’ రీ-రిలీజ్ అయినప్పుడు థియేటర్లలో ఆ పాటకి జనం లేచి ఊగిపోయారు. ఆ నవ్వు కలిసిన గొంతులో ఏదో ఉంది, దాని ముందు ‘ళ’, ‘ణ’ తప్పులు నిలబడలేదు.

నేపాల్‌ని కూడా వదిలెయ్యలేదు. భార్య దీపా నారాయణ్ కూడా నేపాలీ సింగరే. ఇద్దరూ కలిసి ‘ఉపహార్’ అనే నేపాలీ ఆల్బమ్ చేశారు.

నీర్ షా అనే నాలుగో మనిషి

పోస్టర్ మీద ముగ్గురి పేర్లే పెద్దగా ఉన్నా, నటుల లిస్టులో నీర్ షా పేరు కూడా ఉంది. నేపాలీ సినిమా గురించి సీరియస్‌గా మాట్లాడుకునేవాళ్లకి ఈయన డైరెక్టర్‌గా ఎక్కువ తెలుసు. 1984లో తీసిన ‘బాసుదేవ్’ పాటలూ ఫైట్లూ మీద నడిచే సినిమా కాదు, నిజాయతీ వదలని ఒక మాస్టారి కథ. ఒక ఏడాది అలాంటి సినిమా తీసిన మనిషి, మరుసటి ఏడాది ‘కుసుమే రుమాల్’ లాంటి పక్కా కమర్షియల్ ప్రేమకథలో నటుడు. చిన్న ఇండస్ట్రీలో ఆర్ట్ సినిమాకీ, కమర్షియల్ సినిమాకీ వేర్వేరు మనుషులు ఉండరు.

కొడుకుల కథ ఇంకోలా ఉంది

ముగ్గురిలో ఇద్దరి కొడుకులు కూడా కెమెరా ముందుకి వచ్చారు. పోల్చి చూస్తే సరదాగా ఉంటుంది.

భువన్ కె.సి., నటి సుష్మితా కె.సి.ల కొడుకు అన్మోల్ కె.సి. 2013లో ‘హాస్టల్’తో వచ్చాడు, 2014లో ‘జెర్రీ’, 2016లో ‘డ్రీమ్స్’. ఈ ‘డ్రీమ్స్’కి డైరెక్టర్ తండ్రి భువనే. తర్వాత ‘గాజలు’, ‘క్రి’. 2019లో ‘ఎ మేరో హజూర్ 3’లో అన్మోల్ పక్కన హీరోయిన్‌గా సుహానా థాపా పరిచయం అయింది. డైరెక్టర్ ఝరనా థాపా, సుహానా తల్లి. 2002లో వచ్చిన మొదటి ‘ఎ మేరో హజూర్’లో హీరోయిన్ ఈ ఝరనానే. నెపోటిజం అని అక్కడి సోషల్ మీడియాలోనూ మాటలు పడతాయి, మన దగ్గర లాగే.

ఉదిత్ కొడుకు ఆదిత్య నారాయణ్ ముంబైలో పెరిగాడు. 1996లో ‘మాసూమ్’ సినిమాలో చిన్నపిల్లాడిగా పాడిన పాట పెద్ద హిట్. ‘పర్‌దేశ్’లో చైల్డ్ ఆర్టిస్ట్. 2010లో విక్రమ్ భట్ ‘శాపిత్’తో హీరో అయ్యాడు, వర్కవుట్ కాలేదు. చివరికి ‘సరెగమప’, ‘ఇండియన్ ఐడల్’ లాంటి షోల హోస్ట్‌గా ఇంటింటికీ తెలిశాడు. తండ్రి హిట్ సినిమా చేసి నటన వదిలేస్తే, కొడుకు నటుడవ్వాలని వచ్చి మైక్ దగ్గర ఆగాడు.

‘కుసుమే రుమాల్’ నాటి ఇండస్ట్రీ ఇప్పుడు లేదు. 2012లో నిశ్చల్ బస్నేత్ ‘లూట్’ వచ్చాక ఖాట్మండు గల్లీ భాష, కొత్త నటులు, కొత్త లెక్కలు వచ్చాయి. దయాహాంగ్ రాయ్, సౌగాత్ మల్ల లాంటి వాళ్లు స్టార్లయ్యారు. 2022లో ‘ప్రేమ్ గీత్ 3’ని నేపాలీతో పాటు హిందీలోనూ రిలీజ్ చేశారు. 2024లో సారంగి వాయించే ఒక తండ్రి కథ ‘పూర్ణ బహదూర్ కో సారంగీ’ వసూళ్ల రికార్డులు తిరగరాసింది. గల్ఫ్‌లో, ఆస్ట్రేలియాలో, అమెరికాలో ఉన్న నేపాలీలు ఇప్పుడు పెద్ద మార్కెట్. 1985లో తృప్తి నాడకర్‌కి ఆ మార్కెట్ లేదు.

సినిమా చూడాలనిపిస్తే యూట్యూబ్‌లో ‘కుసుమే రుమాల్’ అని కొట్టండి, ముందు పాటలు వస్తాయి. భాష రాకపోయినా పర్లేదు. సన్నగా, నిండు జుట్టుతో కనిపించే ఆ కుర్రాడిని ఒకసారి చూసి, వెంటనే ‘అమ్మాయే సన్నగా’ పెట్టుకుని వినండి.